లెమెకి వాళ్ళ వాకిలి

ఆక్లాండ్, 1984 మే 6

ప్రియమైన ఫువాతినో అక్కకు,

వచ్చే శనివారం కుస్తీలో నా ఎదురుగా నిలబడేది ఎవరనుకున్నావు? మన పక్కూరి లెమెకి! ఆ కుస్తీ వీడియో టేపు పాస్టరు గారింటికి పంపిస్తాను, అక్కడ చూడండి. చూసి కంగారు పడకు. నీ ఒక్కదానికే చెబుతున్నాను: ఎవరు గెలవాలో బట్టలు మార్చుకునే గదిలోనే తేల్చేస్తారు. ఈసారి గెలుపు వాడిది, గెలిచినవాడికి కట్టే బెల్టు వాడిది. నేను వెల్లకిలా పడాలి.

పదకొండేళ్ళుగా పడుతూనే ఉన్నాను. కుస్తీలు నడిపే యజమాని నన్ను ‘దీవుల అడవిమనిషి’ అని పిలిపిస్తాడు. నోరు విప్పకూడదట, జనం ముందు పచ్చి చేప కొరకాలట. ఆదివారం బడిలో అందరికంటే గడగడా చదివింది నేనే కదక్కా! లెమెకి వచ్చి రెండేళ్ళు కాలేదు, అప్పుడే బెల్టు. కూర్చున్న చోట కూర్చోలేకపోతున్నాను. వాడు మంచివాడు కావడం మరీ కష్టంగా ఉంది.

నీ తమ్ముడు,
మలాకి

సవాయి దీవి, జూన్ 3

నా మలాకీ,

టేపు చూశాం. నువ్వు పడలేదు. లెమెకినే మోసుకుపోయారు, ముఖమంతా నెత్తురు. వాళ్ళమ్మ సలఫాయి నా పక్కనే కూర్చుంది. “ఫువా, నా బిడ్డ లేవడేంటే?” అని నా చెయ్యి పట్టుకుంది. వాడికి ఎడమ కన్ను పోయిందని నిన్న కబురొచ్చింది.

అది వినగానే పెదనాన్న లేచాడు. “మన రక్తం వాళ్ళ బిడ్డను కొట్టింది. తెల్లారగానే మన ఆచారం ప్రకారం సన్నగా నేసిన చాప నెత్తిన కప్పుకుని వాళ్ళ వాకిట్లో కూర్చుంటా. చాప తీస్తే క్షమించినట్టు. తియ్యకపోతే అక్కడే ఉంటా” అన్నాడు. డెబ్భై దాటిన మనిషి! నేను అడ్డుపడ్డాను. నీ రహస్యం అందరి ముందూ చెప్పేశాను. బైబిలు మీద చెయ్యేసి, “అదంతా ఆట. నా తమ్ముడు కావాలని కొట్టలేదు” అన్నాను. నన్ను నమ్మి పెదనాన్న ఆగాడు.

మరి గెలుపు నీదెలా అయింది? అందగానే రాయి.

నీ అక్క,
ఫువాతినో

ఆక్లాండ్, జూన్ 20

ప్రియమైన అక్కకు,

ఆఖరి నిమిషంలో యజమాని మనసు మార్చుకున్నాడు, అంతే. దెబ్బ పొరపాటున తగిలింది. పెదనాన్నను ఆపి మంచి పని చేశావు. జపాను కుస్తీల వాళ్ళు నన్ను రమ్మంటున్నారు, పెట్టె సర్దుకోవాలి. ఈ సంగతి మళ్ళీ అడగకు.

తొందరలో,
మలాకి

సవాయి, ఆగస్టు 12

మలాకీ,

లెమెకి ఇంటికొచ్చాడు. మనింటికీ వచ్చాడు. కోకో కప్పు ఎడమ పక్కన పెట్టాను. అది కనబడక చెయ్యి తగిలించి ఒలకబోసుకుని, నవ్వేశాడు. “అవును పెదనాన్నా, యజమానే మార్చాడు, మలాకి తప్పేం లేదు” అని అచ్చం నీ మాటే చెప్పాడు.

నాకు మనసు నిలవలేదు. వంటపాకలో ఒంటరిగా పట్టుకుని, “నిజం చెప్పరా” అన్నాను. “నువ్వు బైబిలు మీద చెయ్యేశావట, అమ్మ చెప్పింది. నిన్ను అబద్ధాలకోరును చెయ్యమంటావా అక్కా?” అన్నాడు. యజమాని ఏదీ మార్చలేదనీ, నువ్వే కావాలని తల వంచి వాడి కంట్లోకి గుద్దావనీ, యజమాని ఆ రోజే నిన్ను వెళ్ళగొట్టాడనీ, జపాను లేదూ ఏమీ లేదనీ అప్పుడు చెప్పాడు.

మర్నాడు తెల్లవారుతూనే, నాలుగేళ్ళు నేసిన నా చాప నెత్తిన కప్పుకుని వాళ్ళ వాకిట్లో కూర్చున్నాను. “ఆడపడుచు కూర్చోవడమా! మగపిల్లలు చచ్చారా?” అని పెదనాన్న గోల. అక్క గౌరవం కోసం తమ్ముడు ప్రాణమైనా ఇవ్వాల్సిన ఊరు మనది, ఆయన అరవడంలో వింత లేదు. ఎండెక్కింది. ఎవరూ రాలేదు. చాప కింద ఊపిరాడలేదు. భయంతో కాదు, నీ మీద కోపంతో ఏడ్చాను.

మధ్యాహ్నానికి లెమెకి వచ్చాడు. చాప అంచు దొరక్క రెండుసార్లు తడిమాడు, మూడోసారి ఎత్తాడు. “లే అక్కా. ఇది నువ్వు కూర్చోవాల్సిన చోటు కాదు” అన్నాడు.

ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

ఇప్పటికీ నీ అక్కనే,
ఫువాతినో