ఖాళీ కప్పులు

వర్షిత మేడమ్‌కు నమస్కారం.

నిన్న మన బోరబండ శిక్షణ సెంటర్‌లో మాదిరి ఇంటర్వ్యూ మధ్యలో చెప్పకుండా వెళ్లిపోయినందుకు క్షమించండి. నేను కోర్సు మానలేదు. సార్‌లు ప్రశ్న అడుగుతుండగా వాళ్ల టీ కప్పులు ఖాళీ అయ్యాయి. గచ్చిబౌలి ఆఫీసులో ఆరేళ్లుగా టీలు అందిస్తున్నదాన్ని కదా, చేతులు వాటంతటవే కప్పులు ఎత్తేశాయి. కడుగుతుంటే గుర్తొచ్చింది, నేను వచ్చింది కంప్యూటర్ హెల్ప్‌డెస్క్ పనికని. సిగ్గేసి అటునుంచటే ఇంటికి పోయాను.

మా అత్త బుచ్చమ్మ నవ్వింది. "గింతదానికే పరేషాన్ అయితరా? కప్పులు ఆళ్లే తీసుకుంటరు. నువ్వు పోయి జవాబు చెప్పిరా" అంది.

కోపంగా ఫోన్ చేసినవాళ్లకు ఏం చెబుతావని సార్‌లు అడిగారు కదా. ముందు వాళ్లను పూర్తిగా మాట్లాడనిస్తాను మేడమ్. మిగతా జవాబూ సిద్ధంగా ఉంది. ఇంకొక్కసారి కూర్చోబెట్టండి. సార్‌లకు టీ కూడా ఇప్పించండి. ఈసారి లేవను.

మీ రెండో వరుస విద్యార్థిని