రెట్టింపు శిక్ష

ప్రియమైన అమ్మమ్మా,

నీకు అంటగట్టిన చెవి యంత్రం ఉత్త ప్లాస్టిక్ డొప్పట. లోపల చిన్న దీపం తప్ప ఏమీ లేదు. అమ్మినవాడు దొరికాడు. ‘పోనీలే’ అన్న మాట నా దగ్గర ఎత్తకు. మోసపోయిన మనిషి వృద్ధురాలై, మంచిచెడ్డలు తేల్చుకోలేని స్థితిలో ఉన్నదని రుజువైతే చట్టం శిక్షను రెట్టింపు చేస్తుంది. ఈ సెక్షన్ మీద మా కళాశాల చర్చలో అందరి నోళ్లూ మూయించాను. ఇక న్యాయస్థానంలో నువ్వు నిలబడితే చాలు.

నీ మనవరాలు


మా లాయరమ్మకు,

ఆ అబ్బాయి యంత్రం నా చెవిలో పెట్టి, “అమ్మా, వినపడుతోందా?” అని వీధి అదిరేలా అరిచాడే. వినపడక చస్తుందా! అంత ఓపిగ్గా అడిగినవాణ్ణి కాదనడానికి నోరు రాలేదు. అది మొహమాటం, మతిలేనితనం కాదు. శిక్ష వేయించు, వద్దనను. కానీ నాకేమీ తెలియదని నలుగురిలో ఎలా చెప్పను? పనికి పోయే తల్లులు నలుగురు పసివాళ్లను నా ఒళ్లో వదిలి వెళ్తున్నారు. వాళ్లలో బొద్దుగాడికి పళ్లొస్తున్నాయి, నా వేలు కొరికేస్తున్నాడు. వాడు గుక్కపట్టే ముందు పాదాలు బిగుసుకుంటాయి. దానికి చెవులతో పనేముంది?

అమ్మమ్మ


మొండి అమ్మమ్మా,

నీ మొహమాటానికి ఇంకెందరు ముసలివాళ్లను బలివ్వాలి? మామూలు శిక్షయితే వాడు నాలుగు నెలల్లో మరో గుమ్మం ఎక్కుతాడు. “నాకేదీ తెలియడం లేదు, ఎవరేం చెప్పినా తలూపుతాను” అని జడ్జిగారి ముందు ఒక్కసారి చెప్పు. ఒక్క వాక్యం! చర్చలో గెలిచిన బహుమతి సొమ్ముతో నీకు అసలైన యంత్రం పంపిస్తాను.

నీ పెంకి మనవరాలు


బంగారుతల్లీ,

గెలిచావు. నువ్వు చెప్పమన్నది పొల్లుపోకుండా చెప్పాను. రెట్టింపు శిక్ష వేశారు.

నాకు తోడని బొద్దుగాడి తల్లి సెలవు పెట్టుకుని మరీ వచ్చి, వెనక బల్ల మీద కూర్చుంది. అంతా విన్నది. మర్నాడు పిల్లాడు రాలేదు. సాయంత్రం తనొక్కతే వచ్చి, “ఏమనుకోకండి పిన్నిగారూ, మీ నోటితో మీరే అన్నారు కదా,” అంది. తక్కినవాళ్లూ పిల్లల్ని పంపడం మానేశారు. “అది కోర్టు కోసం అన్న మాటమ్మా” అని నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ప్రమాణం చేసి అబద్ధమాడానని ఒప్పుకున్నట్టే. నీ కేసు వీగిపోతుంది, వాడు బయటికొస్తాడు. అందుకని తలూపాను.

నువ్వు పంపిన యంత్రం అందింది. నిజంగా మంచిది. బొద్దుగాణ్ణి ఎదురింట్లో వదులుతున్నారు. వాడి ఏడుపు ఇక్కడికి స్పష్టంగా వినపడుతోంది. అది చిగుళ్ల సలుపు. వాళ్లేమో ఆకలనుకుని పాలు పడుతున్నారు.

యంత్రం తీసి డబ్బాలో పెట్టేశాను. నీ మీద కోపం లేదు. బాగా చదువుకో.

అమ్మమ్మ