షూ షాపులో కునుకు

శ్రీవారికి,

నమస్కారం. ఇక్కడ ఇద్దరం క్షేమం అని రాయడం పద్ధతి కాబట్టి రాస్తున్నాను. మన ఉడత, అదే మీ ముద్దుల కూతురు, నిజంగానే క్షేమం. నేను మాత్రం నిలబడితే కూర్చోవాలనీ, కూర్చుంటే పడుకోవాలనీ అనిపించి, ఎలాగో నెట్టుకొస్తున్నాను. సొరంగం పనిలో దుమ్ము ఎక్కువైందని రాశారు. ముక్కుకి గుడ్డ కట్టుకోండి. కట్టుకుంటున్నానని ఊరికే రాసెయ్యకండి, మీ సంగతి నాకు తెలియనిదా!

మీరడిగినవాటికి జవాబులు. కుళాయి బాగైంది. ఇంటి ఓనరు వచ్చి చూసి, తల ఊపి వెళ్లిపోయాడు. వాషర్ నేనే మార్చాను. నా నడుం అలాగే ఉంది. మా ఆసుపత్రి లాండ్రీకి కొత్త మిషన్ వచ్చింది. అది దుప్పట్లు గబగబా ఉతికి పారేస్తోంది, మడతపెట్టే చేతులు మాత్రం పాతవే. "కాస్త చేతులు ఆడించండమ్మా" అంటూ సూపర్‌వైజర్ ప్రాణం తోడేస్తున్నాడు. ఆడించక ఏం చేస్తున్నామో ఆయనకే తెలియాలి.

ఇక ఉడత షూస్. మామూలువి కొన్నారా, ఖరీదైనవి కొన్నారా అని ఒకే ఉత్తరంలో రెండుచోట్ల అడిగారు. మామూలువే కొన్నాం. డబ్బు పంపాక కూడా ఎందుకలా అంటారా, చెప్తాను.

దానికి పరుగు నేర్పే కోచ్ మేడమ్ ముందే చెప్పింది. "సరదాగా పరిగెత్తే పిల్లలకి మామూలువి చాలు. మీ అమ్మాయిది సరదా పరుగు కాదు. జట్టులోకి వస్తే రెండు పూటలా ప్రాక్టీసు ఉంటుంది. అడుగు మెత్తగా ఉన్న మంచి షూస్ లేకపోతే మోకాలి కింద ఆ ఎముక నొప్పి మళ్లీ తిరగబెడుతుంది" అంది. సెలక్షన్ వచ్చే నెలే కదా, అందుకే డ్యూటీ దిగి నేరుగా షాపుకి వెళ్లాం.

షాపతను రెండు జతలూ ముందు పెట్టాడు. ఖరీదైనది చేతిలోకి తీసుకుంటే ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంది.

"దీన్నిండా గాలేనా?" అన్నాను.

"గాలి కాదమ్మా, ఫోమ్. అడుగు వేస్తే కాలిని అదే పైకి తోస్తుంది."

"మరి రెండోది?"

"అదీ గట్టిదే. కాకపోతే తొయ్యదు. మన కాలు మనమే ఎత్తుకోవాలి."

నాకు నవ్వొచ్చింది. పొద్దుట్నుంచీ నేను చేస్తున్నది ఆ పనేగా! డబ్బు ఉడత చేతికిచ్చి, అక్కడ బల్ల ఉంటే కూలబడ్డాను. అంతే, కునుకు పట్టేసింది. లేచేసరికి ఉడత చేతిలో సంచి, అందులో మామూలు జత ఉన్నాయి. "ఇవి చాలమ్మా, పద" అంది. ఎంత బుద్ధిమంతురాలో అని లాండ్రీలో అందరికీ చెప్పుకున్నాను.

ఇంతవరకు రాసి, లేచి వెళ్లి బట్టలు ఆరేసి వచ్చాను. మీ దగ్గర దాచి ఉండలేను. ఆ కునుకు మధ్యలో నాకు మెలకువ వచ్చింది. ఉడత ఆ ఖరీదైనవి తొడుక్కుని అరల మధ్య అటూ ఇటూ పరిగెడుతోంది. దాని మొహం మీరు చూడాల్సిందండీ! మీరు సెలవుకొచ్చి తలుపు తట్టినప్పుడు కూడా అంత వెలగదు. ఉన్నట్టుండి ఆగి నా వైపు చూసింది. నేను గభాలున కళ్లు మూసేసుకున్నాను.

అవి కొంటే అది గెలుస్తుంది. గెలిస్తే రెండు పూటలా ప్రాక్టీసు. చీకటితో లేచి దాన్ని గ్రౌండుకి తీసుకెళ్లాలి, అట్నుంచటే డ్యూటీకి పరిగెత్తాలి, సాయంత్రం మళ్లీ గ్రౌండు. నా వల్ల కాదనిపించింది. "అంకుల్, ఆ రెండోవే ఇచ్చెయ్యండి" అని అది చెప్పడం కళ్లు మూసుకునే విన్నాను. కన్నతల్లిని, అప్పుడు నాకు హాయిగా అనిపించిందండీ. దానికి నన్ను ఏమన్నా పడతాను.

నిన్న ప్రాక్టీసు నుంచి కుంటుకుంటూ వచ్చింది. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి ఇస్తే కాలికి పెట్టుకుంటూ, "సెలక్షన్‌కి వెళ్లనమ్మా. పరుగంటే నాకేం అంత ఇష్టం లేదు" అంది. నా మొహం చూడకుండా అంది.

"అబద్ధాలాడకే. షాపులో నువ్వు పరిగెత్తడం నేను చూశాను. అప్పుడు నిద్రపోవట్లేదు" అన్నాను.

అది తల వంచుకుని గుడ్డ సర్దుకుంది. "నాకు తెలుసమ్మా. నిజంగా నిద్రపోతే నువ్వు నోరు తెరుచుకుంటావు" అంది.

రేపు సెలవు పెట్టాను. షాపు తెరిచేసరికి ఇద్దరం అక్కడుంటాం. రోజూ చీకటితో లేవడం నా వల్ల అవుతుందో లేదో నాకైతే తెలియదు. లేస్తానని దానికి మాటిచ్చాను.

ఇట్లు,
మీ ఉడత వాళ్లమ్మ