ఏదండ లేదు మేడం

మే 6
ఆర్డర్ వచ్చింది. నాకు కాదు.

మే 6, సాయంత్రం
ఆవిడ పేరు నయనా హేవగే. హంబన్‌తోట వైపు మనిషి. చుక్క వాన చూడని ఎండదేశం నుంచి ఈ కొండల్లోకి, మా కెకునావల బడికి ప్రిన్సిపాల్‌గా వస్తోంది. ఇన్నేళ్లు తాత్కాలిక ప్రిన్సిపాల్‌గా ఈ బడిని నెట్టుకొచ్చింది నేను. పేరు ముందున్న ఆ 'తాత్కాలిక' ఎప్పుడు రాలిపోతుందా అని కాచుకు కూర్చున్నాను. చివరికి నేనే రాలాను.

పోనీలెండి, ఇక జోనల్ ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తప్పింది అంది మల్లిక. మా ఆవిడ ఓదార్పులు ఇలాగే ఉంటాయి. అన్నం సహించలేదు. పనసకాయ కూర మాత్రం మారు వడ్డించుకున్నాను.

మే 9
వచ్చింది. బస్సు దిగేది వాగుకి ఇటు, బడి అటు. తీసుకెళ్లే పని నాదే.

వంతెన ఎక్కడ సర్ అని అడిగింది. ఏదండ చూపించాను. రెండు కొబ్బరి మొద్దులు పక్కపక్కన, పట్టుకోవడానికి ఒకవైపు వెదురు. ఆవిడ మొహంలో రంగు పోయింది. చెయ్యి అందించవచ్చు. అందించలేదు. చేతులు వెనక్కి కట్టుకుని షికారుకి వెళ్తున్నట్టు దాటేసి, తిరిగి చూడకుండా నిలబడ్డాను. అవతలి ఒడ్డున బడి మొత్తం తమలపాకులు పట్టుకుని వరసలో ఉంది. అందరి ముందూ ఏడుస్తుందనుకున్నాను.

ఆవిడ చెప్పులు విప్పి, అటు నుంచి దూకుతూ వచ్చిన నాలుగో క్లాసు సెవ్వంది చేతికి బ్యాగిచ్చి, మొద్దు మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుని జరుగుతూ జరుగుతూ వచ్చింది. చీరంతా పాచి. పిల్లలు నవ్వారు. ఆవిడ వాళ్లకంటే గట్టిగా నవ్వింది. మా ఊళ్లో నీళ్లుంటే కదర్రా దాటడం నేర్చుకునేది అంది. దాంతో పిల్లలు పడీపడీ నవ్వారు.

నా పని అక్కడితో అయిపోయింది. తమలపాకులిచ్చి ఒక్కొక్కళ్లూ ఆ బురద కాళ్లకే దణ్ణం పెట్టారు. కొబ్బరిపాలతో వండిన పాలన్నం ముక్కలు కోసి పంచారు. నా ముక్కలో ఉప్పు లేదు.

మే 13
మీ కుర్చీలో మీరే కూర్చోండి సర్, నాకు ఈ బెంచీ చాలు అంది. మంచిదే. మంచిది కాబట్టే ఒళ్లు మండుతోంది. చెడ్డదయితే హాయిగా తిట్టుకునేవాణ్ని.

వంట చేసే ఇరాంగని ఆవిడకి టీ కప్పూ సాసరులో ఇచ్చింది, పక్కన బెల్లం ముక్క. నాకు గ్లాసులో. నా చేత అక్షరాలు దిద్దించుకున్న పిల్ల!

మే 17
పిల్లలు ఆవిడకి పేరు పెట్టారు. పెరుగమ్మ.

ఊరెళ్లి గేదెపెరుగు కుండలు మోసుకొచ్చిందట. కితుల్ చెట్టు తీపి పాకం పోసి బడందరికీ తలా ఒక చెంచా. నాకూ పెట్టబోతే జలుబన్నాను. వారం తిరిగేసరికి పేరు! నేనయితే పేర్లు పెట్టడం ఎప్పుడో నిషేధించాను. ఒకణ్ని బల్లెక్కించి నిలబెట్టాను కూడా. ఇన్నేళ్లలో నాకు పేరు పెట్టే ధైర్యం ఎవరికీ రాలేదని గొప్పగా చెప్పుకునేవాణ్ని.

ఇవాళ మల్లికకీ అదే చెప్పాను. అసలు ఒక్క పేరూ పెట్టలేదా అని అడిగింది. లేదన్నాను. అయ్యో పాపం అంది.

ఎందుకు పాపం?

మే 20
వానలు మొదలు. ఇక పొద్దునా సాయంత్రం ఏదండ మధ్యలో నిలబడి ఒక్కొక్కళ్ల చెయ్యీ పట్టుకుని దాటించాలి. ఏటా ఇదే తద్దినం. నేను వచ్చి నిలబడందే మొద్దు మీద కాలు పెట్టకూడదని నేనే రూలు పెట్టాను. పిక్కలకి జలగలు పట్టేదీ నాకే.

సెవ్వంది వెనకున్న పిల్లతో గుసగుసలాడింది. ఏదండ ఇవాళ గుర్రుగా ఉందే, నోరు మూసుకుని నడువు అని. కిందికి చూశాను. మోకాలి లోతు కూడా లేదు. వాగు పక్కన పుట్టి వాగుని చూసి చెప్పడం రాదు ఈ పిల్లలకి.

మే 22
ఏదండ ముసలిదైపోయింది పాపం అనుకుంటున్నారు ఏడో క్లాసు ఆడపిల్లలు. బడి వదిలాక వంగి మొద్దులు రెండూ తట్టి చూశాను. ఉక్కులా ఉన్నాయి. కొత్త మొద్దులు కావాలంటారేమో ఇక, పెరుగు తినమరిగినవాళ్లు.

మే 23
తల్లిదండ్రుల మీటింగు. కాంక్రీటు వంతెన కోసం అర్జీ పెట్టానని పెరుగమ్మ చెప్పింది. చప్పట్లే చప్పట్లు. అదే అర్జీ నేను పెట్టిన ఏడాది ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు. నేను ఎవరికీ చెప్పలేదనుకోండి, అది వేరే సంగతి.

వంతెన వస్తే మీరు తడవక్కర్లేదుగా, మరి మూతి అలా పెట్టారేం అంది మల్లిక. ఈ ఇంట్లో మూతికీ స్వేచ్ఛ లేదు.

మే 27
కొండచరియల గురించి చెప్పాను. కోబ్రాల గురించి చెప్పాను. ఎండదేశం వాళ్లెవరూ ఆగస్టు దాకా నిలవరు, ట్రాన్స్‌ఫర్‌కి ఇప్పుడే పెట్టుకుంటే మంచిదని కూడా చెప్పాను. అన్నీ విని, మీరున్నారుగా సర్, నాకేం భయం అంది.

ఛీ.

మే 28
రేపటికి లీవ్ పెట్టాను. జ్వరమని రాశాను. జ్వరం లేదు.

మే 29, ఉదయం
రేకుల మీద వాన దంచుతోంది. దుప్పటి కప్పుకుని వింటున్నాను. చూద్దాం ఇవాళ పెరుగమ్మ ఎలా దాటిస్తుందో.

మే 29, సాయంత్రం
జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున బడి నుంచి ఫోన్ వచ్చింది. ప్రిన్సిపాల్. గొంతు గొంతులా లేదు. సర్, పిల్లలు అవతలి ఒడ్డు నుంచి అరుస్తున్నారు, ఏదండ లేదు మేడం, ఏదండ లేదు అంటున్నారు, పోకతోట అడ్డం, నాకిక్కణ్నుంచి ఏమీ కనిపించడం లేదు, కొట్టుకుపోయిందా సర్, ఎవరైనా మొద్దు మీద ఉండగా పోయిందా అంది.

తర్వాత ఆవిడేమందో వినలేదు. గొడుగు లేదు, చెప్పులు లేవు, కట్టుకున్న లుంగీతోనే పరుగు. తేయాకు మళ్లలో అడ్డంపడి దిగాను. రెండుసార్లు పడ్డాను. ఒకటే అనుకున్నాను దారంతా. నా కుళ్లుకి ఎవరి బిడ్డ పోయింది? అందరికంటే ముందు దూకేది సెవ్వందే. ఆ పిల్ల ఎర్ర రిబ్బను వాగులో తేలుతున్నట్టు నా కళ్లకి కనిపిస్తూనే ఉంది. నాకు కుర్చీ వద్దు, ఆర్డర్ వద్దు, ఆ పిల్ల ఒడ్డున ఉంటే చాలని ఏ దేవుడికి మొక్కానో, బుద్ధుడికో కతరగమ దేవుడికో, నాకే తెలియదు.

మలుపు తిరిగాను. మొద్దులు ఉన్నాయి. రెండూ ఉన్నాయి. వెదురూ ఉంది. నీళ్లు మొద్దుల్ని తాకుతున్నాయి, అంతే. ఇటు ఒడ్డున పిల్లలంతా అరిటాకులు నెత్తిన పెట్టుకుని బుద్ధిగా వరసలో నిలబడి ఉన్నారు. ఒక్కొక్క తలా చూసుకున్నాను. ఎర్ర రిబ్బను చూసుకున్నాను. అవతల పోకచెట్ల మధ్య నుంచి ప్రిన్సిపాల్ చీర ఎగదోపుకుని, ఎక్కడ సంపాదించిందో ఒక మోకు పట్టుకుని పరిగెత్తుకొస్తోంది.

సెవ్వంది నన్ను చూసింది. చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టి అవతలికి కేకేసింది. ఏదండ వచ్చింది మేడం! ఏదండ వచ్చేసింది!

ప్రిన్సిపాల్ మొద్దుల్ని చూసింది. నన్ను చూసింది. నేనూ మొద్దుల్నే చూశాను.

ఏం వచ్చిందే అని అడిగాను. సెవ్వంది నాలిక కరుచుకుని అరిటాకు వెనక్కి పోయింది. మిగతావాళ్లు కాలి వేళ్లు చూసుకుంటున్నారు. అవతల ప్రిన్సిపాల్ మోకు పక్కన బురదలో కూలబడి మొహం కప్పుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

వెళ్లి మధ్యలో నిలబడ్డాను. ఒక్కొక్కళ్లూ చెయ్యి ఇచ్చి దాటారు.

వంటింట్లో ఇరాంగనిని నిలదీశాను. అయ్యో సర్, మా కాలం నుంచీ మీ పేరు అదేగా, మా అన్న కాలంలోనూ అదే, మీకు తెలుసనే అనుకున్నాం అంది. మరి నాతో ఎవరూ అనలేదేం అంటే, బల్లెక్కిస్తారని భయం అంది. టీ ఇచ్చింది. గ్లాసులోనే. మేడం వచ్చిన కొత్త కాబట్టి కప్పు, మీరు మాలో మనిషి కదా అంది.

అంటే గుర్రుగా ఉన్నది వాగు కాదు. ముసలిదైపోయింది మొద్దులు కాదు.

ఇంటికొచ్చి మల్లికకి చెబితే పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి నా మొహం తుడిచింది. వాననీళ్లే అన్నాను. పెరుగమ్మ పేరు ఆ పెరుగున్నన్నాళ్లే, నాది చూడు, అన్నదమ్ములు ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్న పేరు అని కూడా అన్నాను. ఇంకా పోలేదా మీకు ఆ కుళ్లు అంది. పోలేదు.

మే 30
జ్వరం అబద్ధమని ప్రిన్సిపాల్‌కి చెప్పేశాను. తెలుసు సర్, జ్వరం మనిషి అలా పరిగెత్తడు అంది. మొదటి రోజు మీరు కావాలనే చెయ్యి ఇవ్వలేదనీ తెలుసు అంది. తల దించుకున్నాను. నిలబడి దాటడం నేర్పమంది. చెయ్యి ఇచ్చాను. సగం దాకా నడిచి, మళ్లీ గుర్రం ఎక్కినట్టు కూర్చుండిపోయింది.

జూన్ 21
కాంక్రీటు వంతెన మంజూరైందట. పిల్లలు దానికి ఇంకేదైనా పేరు చూసుకోవాలి. ఏదండ నేను.