కుళ్లని పత్తికట్టె

నాయనా,

నువ్వు పోయి ఈ పొద్దుకి ఏడాది. నేనూ తమ్ముడూ గోనెగండ్ల దోవలోని మన చేనికి పోయి, నీ సమాధి కాడ జొన్నరొట్టె, పుంటికూర పెట్టి మొక్కుకొన్నాము.

తర్వాత నువ్వు ఆఖరున నింపిన ఎరువుగుంతను తవ్వి చూసినాను. "కానుగాకు మెత్తనిది, రెండు వానలకే మట్టి అయిపోతాది. పత్తికట్టె గట్టిది, దాన్ని చెదలే తినాల" అని చెప్తాంటివి కదా. వానాకాలం పోయినా కానుగాకు ఈనెలతో సహా అట్లే ఉంది. పత్తికట్టె విరిస్తే పటుక్కుమనింది. ఒక చెదపురుగు లేదు, ఒక వానపాము లేదు.

తమ్ముణ్ణి అడిగితే, "శెనగబుడ్డల పంటను చెదలు తినేసినాయి కదక్కా, అందుకే మందు పోసినా" అన్నాడు.

"ఎరువుగుంతలో కూడానా?"

"అవి పుట్టేదే ఆడ కదా."

నువ్వుంటే గట్టు మీద నిలబడి తిట్టిండేవాడివి. వాని పక్క చూస్తే, పంట పోయి ఎండిన మొగం.

"ఇన్నేండ్లు నాకు తిండి పెట్టిన చేను ఇది. నన్ను కాల్చొద్దండి, ఇదే తినాల నన్ను" అంటివి. నువ్వు చెప్పినట్లే ఈడనే పూడ్చి, నీ మీద కానుగాకు పరిచినాము.

సమాధి చుట్టూ కూడా మందు పోసినావా అని తమ్ముణ్ణి అడగాలనుకొన్నాను. అడగకుండానే ఇంటికి వచ్చేసినాను నాయనా.