ఐదు పనిదినాలు

బెర్గెన్, 14 మే 2012

హాంబుర్గ్ బ్యాంకులో కాగితాల బల్ల దగ్గర కూర్చునే హిన్నెర్క్ గారికి, ఎండుచేపల గున్వోర్ నమస్కారాలు.

ఈ నెలాఖరుకి మీరు రిటైరవుతున్నారట. ఇరవయ్యేడేళ్లు! నా చేపలు లాగోస్ ఓడ ఎక్కడం, డబ్బు కోసం సరుకు కాగితాలు మీ దగ్గరికి రావడం, ఒక్క మూట తేడా ఉందనో ముద్ర వంకరగా పడిందనో మీరు వెనక్కి కొట్టడం. తప్పుంటే మూడో రోజుకల్లా మీ ఉత్తరం దిగేది. మీ నుంచి ఏమీ రాకపోతే మా గిడ్డంగిలో పండగే.

పోనీలెండి. పాత పగలు మరిచి, జూన్ పదో తారీఖు శనివారం మీరిద్దరూ మా ఇంటికి భోజనానికి రండి.

ఇట్లు,
మీ చేత చీవాట్లు తిన్న గున్వోర్

తా.క. గొడుగు తెచ్చుకోండి. తప్పులు పట్టే కళ్లద్దాలు మాత్రం ఇంట్లో పెట్టి రండి.

---

హాంబుర్గ్, 21 మే 2012

గౌరవనీయులైన గున్వోర్ గారికి,

ఆహ్వానం అందింది. లోపాలు రెండు. జూన్ పది ఆదివారం, శనివారం కాదు. "మీరిద్దరూ" అన్నారు, నేనొక్కణ్ణే. నా భార్య ఎల్కె పోయి ఎనిమిదేళ్లయింది. సరిదిద్దే నిమిత్తం ఆహ్వానం తిప్పి పంపుతున్నాను.

భవదీయుడు,
హిన్నెర్క్ బోజె

తా.క. చేప ఎన్ని కిలోలో రాయలేదు. ఇది లోపం కింద రాయడం లేదు, ఆశ కొద్దీ అడుగుతున్నాను.

---

బెర్గెన్

హిన్నెర్క్ గారికి,

భోజనానికి పిలిచినా తిప్పికొట్టారే! అసలు మనిషేనా అని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. మళ్లీ చదివితే రెండో లోపం దగ్గర కళ్లు చెమర్చాయి. నాకు తెలియదండీ, క్షమించండి.

సరిదిద్దిన ప్రతి ఇదిగో. తారీఖూ లేదు, వారమూ లేదు, ఎప్పుడైనా రండి. మా ఆయన పోయాక వంటింట్లో రెండో కుర్చీ మీద పిల్లి కూర్చుంటోంది. మీరు వచ్చాక వెళ్లకపోయినా ఫరవాలేదు. ఈ వయసులో సిగ్గెందుకు, ఉండిపొమ్మనే అంటున్నాను.

మీ
గున్వోర్

తా.క. ఇందులోనూ తప్పు పట్టారో, ఊరుకోను.

---

బెర్గెన్, 14 జూన్ 2012

శ్రీ హిన్నెర్క్ బోజె గారికి,

పదిహేను రోజులైంది, ఉలుకూ పలుకూ లేదు. ఒక్క మూట తేడాకి రెండు పేజీలు రాసే మనిషి, దీనికి ఒక్క ముక్క కూడా రాయలేదంటే నాకర్థమైంది. తొందరపడ్డాను. ఆ ఉత్తరం దయచేసి తిప్పి పంపండి, పొయ్యిలో పెడతాను.

ఇట్లు,
గున్వోర్ హౌగె

తా.క. మీకోసం నానబెట్టిన చేప పిల్లికి పెట్టాను. అది ఒక్క లోపం కూడా చూపలేదు.

---

హాంబుర్గ్, 18 జూన్ 2012

ప్రియమైన గున్వోర్ గారికి,

అయ్యో, కోపమెందుకండీ? కాగితాలు అందాక ఐదు పనిదినాల్లో తిప్పి పంపకపోతే బ్యాంకు ఒప్పుకున్నట్టే కదా! నా నుంచి ఏమీ రాకపోతే గిడ్డంగిలో పండగేనని రాసింది మీరే. మరి ఈసారి ఎందుకు చేసుకోలేదు?

మీ ఉత్తరం నాలుగో తారీఖున అందింది. బ్యాంకులో చేరిన ఈ నలభై ఏళ్లలో మొదటిసారి కలం ముట్టకుండా చేతులు కట్టుకు కూర్చున్నాను. ఐదో రోజు బ్యాంకులు మూసే వేళ దాకా గడియారమే చూశాను. మర్నాడు పొద్దున్నే ఓడ టికెట్టు కొన్నాను. ఇక్కడ నేను సంతోషంగా పెట్టె సర్దుకుంటుంటే, అక్కడ మీరు బాధపడుతున్నారా!

ఉత్తరం తిప్పి పంపను. ఒప్పుకున్న కాగితాలు వెనక్కిచ్చే అలవాటు మాకు లేదు. శనివారం రేవుకి రండి. పిల్లిని కుర్చీ దిగమనండి.

మీ
హిన్నెర్క్

తా.క. మీరు ఆ ఉత్తరం మీద తేదీ వేయలేదు. పెద్ద లోపమే, మొదటిరోజే కనిపెట్టాను. గడువు దాటాక తప్పు పట్టే హక్కు నాకు లేదు కాబట్టి చెప్పడం లేదు.