పాట కింది గొంతు

సిద్దిపేట,
ఫిబ్రవరి 9

ప్రియమైన వెంకటేశ్‌కు,

మొన్న జైలు ములాఖత్‌లో జాలీ అవతల నిలబడి, "ఫోను లేక పిచ్చి లేస్తున్నది రా, బయట ఏం నడుస్తున్నదో జర రాయి" అన్నావు కదా. రాస్తున్నాను. నాకు తెలిసిన బయట అంటే నెట్టు ఒక్కటే. మొబైల్ రిపేరు షాపులో కూర్చున్నవాడికి ఇంకేం తెలుస్తుంది?

ఈ వారం దొరికిన వాటిలో మొదటిది. ఎక్కడో విదేశంలో ఒకాయన తన కోళ్ల గూట్లో కెమెరా పెట్టాడు. కోడి గుడ్డు పెడుతుందేమోనని వేలమంది కళ్లప్పగించి చూస్తున్నారు. నేనూ గంటన్నర చూశాను. మా పక్క చాయ్ దుకాణం లచ్చవ్వ వచ్చి ఫోన్లోకి తొంగి చూసి, "గది పొదుగుకొచ్చిన కోడి. గుడ్డు పెట్టది గని, పని చూస్కో" అని పోయింది. అక్కడ అంతమందికి తెలియని సంగతి!

రెండోది, కుక్క అరుపులకు అర్థం చెప్పే యాప్. పాత బస్టాండు దగ్గరి నల్ల కుక్క మీద ప్రయోగించాను. "నేను ఒంటరిగా ఉన్నాను" అని వచ్చింది. దాని చుట్టూ ఎప్పుడూ ఆరు కుక్కలుంటాయి. నవ్వాను గానీ, షాపు మూసేటప్పుడు దానికి ఒక బిస్కెట్ పుడ వేసి వచ్చాను.

నీ నవ్వు కోసం వెతుకుతూ ఉండే
కర్ణాకర్

*

జైలు నుంచి,
ఫిబ్రవరి 24

కర్ణాకర్‌కు,

నీ ఉత్తరం బ్యారక్‌లో గట్టిగా చదివాను. కోడి సంగతికి పద్దెనిమిది మంది నవ్వారు. ఇప్పుడు నన్ను చూస్తే చాలు, "కోడి గుడ్డు పెట్టిందా?" అని అడుగుతున్నారు. ఇంకా రాయి.

ఇక్కడ పగలు ఎలాగో గడుస్తుంది. కళ్లు మూస్తే మాత్రం నా వ్యాను ముందుకు వచ్చిన ఆ సైకిల్ మనిషే కనిపిస్తాడు. ఆయన చనిపోయిన రోజు నుంచి నేను నిద్రపోయినట్టు లేదు. నీ ఉత్తరం చదివిన రోజు మాత్రం పడుకున్నాను.

బాపు ఈ నెల చూడటానికి రాలేదు. కల్లుకు తాళ్లు గీసే కాలం, తీరిక ఉండదులే. నా శిక్ష ఇంకా నాలుగు నెలలు.

నీ
వెంకటేశ్

*

సిద్దిపేట,
మార్చి 14

బ్యారక్ మొత్తాన్ని నవ్వించే వెంకటేశ్‌కు,

ఈసారి మంచి సరుకు దొరికింది. ఒక వీడియో. అర నిమిషమే. రోడ్డు పక్క ఒక ముసలాయన గోనెసంచి తల మీద కప్పుకొని, రెండు చేతులూ గాల్లో ఊపుతూ ఎగురుతుంటాడు. ముందుకు ఉరుకుతాడు, గిర్రున తిరుగుతాడు, మళ్లీ చేతులు ఊపుతాడు. బాగా తాగి ఉన్నాడు. ఎవరో దానికి డీజే డప్పు పాట కలిపారు. ప్రతి దెబ్బకూ ఆయన అడుగు సరిగ్గా పడుతుంది! మీద "పెండ్లికి పిలువకున్నా వచ్చిన మామ" అని రాశారు. మూడు లక్షల మంది చూశారు. లచ్చవ్వ కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

నువ్వు చూస్తే కడుపు పట్టుకుంటావు. బ్యారక్‌లో నువ్వే చేసి చూపించు.

నీ
కర్ణాకర్

*

జైలు నుంచి,
మార్చి 29

కర్ణాకర్,

చేసి చూపించాను. దుప్పటి తల మీద కప్పుకొని, చేతులూపుతూ ఎగిరాను. ఒకతను గిన్నె మీద డప్పు కొట్టాడు. అందరికంటే నేనే ఎక్కువ నవ్వాను.

తెల్లారి అమ్మ వచ్చింది. చేతులకు గాజులు లేవు.

బాపు పోయి పన్నెండు రోజులు దాటిందట. తాడి చెట్టు మీద కత్తి తగిలి తేనెతుట్టె కదిలింది. దిగేసరికే ఒళ్లంతా కుట్టాయి. దవాఖానలో మూడో రోజు ఊపిరి ఆగింది. "నీకు ముందే చెప్తే లోపల ఏం జేసుకుంటవోనని భయమైంది కొడుకా, దినాలైనంక వద్దామనుకున్న" అంది. తర్వాత ఇంకొక మాట అంది. "గోనెసంచి కప్పుకున్న మీ బాపును ఫోన్లల్ల ఆడిపిస్తున్నరట. తాగిండని నవ్వుతున్నరట."

ఊళ్లో అందరికీ కల్లు పోసిన మనిషి. తన నోట్లో ఒక్క చుక్క వేసుకోలేదు.

నీమీద కోపం లేదు. నీకేం తెలుసు? నువ్వు చూశావు, రాశావు. ఆ పాట కలిపినవాడు ఎవడో కనుక్కో. నీకు నెట్టులో అన్నీ తెలుస్తాయి కదా. పేరు చెప్పు, చాలు.

వెంకటేశ్

*

సిద్దిపేట,
ఏప్రిల్ 16

వెంకటేశ్‌కు,

ప్రియమైన అని రాసే హక్కు నాకు లేదు.

ఆ పాట కలిపింది నేనే.

వీడియో ఊరూ పేరూ లేకుండా ఒక గ్రూపులో వచ్చింది. నా పేజీలో ఏం పెట్టినా రెండు వందల మంది కూడా చూసేవాళ్లు కాదు. దీన్ని కత్తిరించి, పాట పెట్టి, ఆ మాట రాసి వదిలాను. ప్రతి పది నిమిషాలకూ అంకె చూసుకున్నాను. నీకు మాత్రం "ఎవరో" అని రాశాను. గొప్ప చెప్పుకోవడానికి సిగ్గేసింది అనుకో. మీ ఇంటికి వచ్చినప్పుడు మీ బాపు స్వయంగా కొట్టిచ్చిన ముంజలు తిన్నాను. అయినా గోనెసంచి కింద ఉన్నది ఆయనని గుర్తుపట్టలేదు.

నీ ఉత్తరం అందాక రెండు వారాలు ఏమీ చేయలేకపోయాను. ఆదివారం మీ ఊరు చిన్నకోడూరు వెళ్లాను. మీ అమ్మ గడప దగ్గరే కూర్చుని ఉంది. నిలబడే చెప్పాను.

"రామవ్వా, బాపు వీడియోకు పాట పెట్టింది నేనే."

నా చెప్పుల వైపు చూసింది. తర్వాత అడిగింది.

"పాట లేంది ఉన్నదా నీ తాన?"

"ఉన్నది."

"పెట్టు. నేనింక చూడలే."

ఎలా పెట్టను? కానీ ఆమె చెయ్యి చాచింది. పెట్టాను. వెంకటేశ్, అసలు వీడియోను నేను కూడా అంతకు ముందు సౌండు పెట్టి వినలేదు. పాట వేయాలి కాబట్టి ముందే దాని గొంతు నొక్కేశాను.

గాలి చప్పుడు వినిపించింది. వీడియో తీసినవాడి నవ్వు వినిపించింది. దాని వెనుక మీ బాపు గొంతు.

"రాకున్రి! ఇటు రాకున్రి! తేనెటీగలు లేసినయి! ఆటో ఎన్కకు మర్లేస్కొని పోన్రి!"

వీడియో అంచున ఒక ఆటో ఉంది. మక్క కంకులు విరవడానికి పోతున్న ఆడవాళ్లతో నిండుగా ఉంది. అది అడ్డంగా ఉందని నేనే కత్తిరించాను. ఆయన చేతులు ఊపింది వాళ్లకోసం. ఆటో వెనక్కి తిరిగాక, వాళ్లు వెళ్లిన దిక్కుకు కాకుండా ఖాళీ చెలకలోకి ఉరికాడు. ఈగలన్నీ ఆయన వెంటే పోయాయి.

మీ అమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"గొంతు ఆయనదే. ఇంకోపారి పెట్టు."

నాలుగుసార్లు పెట్టాను. ఆమె ఏడవలేదు. నాకు మంచినీళ్లు ఇవ్వలేదు. చివరికి, "నా కొడుక్కు చెప్పు. వాళ్ల బాపు ఏమన్నడో చెప్పు. ఇగ పో" అంది.

నా పేజీలో తీసేశాను. కానీ అది ఎక్కడెక్కడికో పాకిపోయింది, దాన్ని ఆపడం నా చేతిలో లేదు. తిరుగు బస్సులో నా పక్కన కూర్చున్నాయన అదే చూసి నవ్వుతున్నాడు. "బంజెయ్యి అన్నా" అన్నాను. "నీకేం నొస్తున్నదే?" అన్నాడు. ఆయనకు అసలు వీడియో చూపించాను. తన ఫోను జేబులో పెట్టుకొని తర్వాతి స్టాపులో దిగిపోయాడు. ఒక్కడికి చెప్పగలిగాను. ఇంకా లక్షల మంది ఉన్నారు.

సోమవారం ములాఖత్‌కు పేరు రాయించాను. నువ్వు రాకపోవచ్చు. వచ్చి మీద ఉమ్మినా తుడుచుకోను. లోపలికి ఫోను తేనివ్వరు కాబట్టి, ఆయన మాట నా నోటితోనే చెప్పాలి. ఎక్కడ గొంతు పెంచాడో, ఎక్కడ ఊపిరి అందక ఆగాడో, ఒక్క అక్షరం తప్పకుండా చెప్పాలని పొద్దుటి నుంచి వింటూనే ఉన్నాను.

కర్ణాకర్